ఆవిరికి పంక ఎందుకు? హన్మకొండలో ఒక గడియారాల షాపు

"తాతా, నాకు స్టీంపంక్ కమ్మలు కావాలె" అని మా మనవరాలు అన్నప్పుడు నాకు వినపడింది స్టీమ్, పంక. పంక అంటే మా ఇంట్లో ఇప్పటికీ ఫ్యానే. "ఆవిరితోని పంక తిప్పుడేందే, ఉన్న ఎండలు చాలయా?" అన్నాను. అది పడీ పడీ నవ్వి ఫోను నా ముందు పెట్టింది. పొడుగు టోపీలు, వాటికి ఇత్తడి పళ్లచక్రాలు. తోలుపట్టీతో గుండ్రటి కళ్లద్దాలు, అచ్చం మా షెడ్డులో వెల్డరు పెట్టుకునేవి. పాతకాలం దొరసాని గౌను వేసుకున్న ఒకమ్మాయి చేతికి వాచీకి బదులు ప్రెషర్ గేజీ. దాని ముల్లు సున్నా మీద ఉంది. "ఆవిరి దిగిపోయింది పాపం" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముందే చెప్పాలి, ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాదు. 1976లో కాజీపేట స్టీమ్ షెడ్డులో ఖలాసీగా చేరాను. 2015లో డీజిల్ షెడ్డు నుంచి ఫిట్టర్‌గా రిటైరయ్యాను. డబ్ల్యూజీ అనే గూడ్సుబండి స్టీమ్ ఇంజన్ పెద్ద చక్రం ఎత్తు అయిదడుగుల పైన, పక్కన నిలబడితే నా గడ్డం దాకా వచ్చేది. బాయిలర్‌లో ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. బ్రాడ్‌గేజ్‌కు ఆఖరి స్టీమ్ ఇంజన్‌ను చిత్తరంజన్‌లో 1970లోనే కట్టేసి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు. అంటే నేను చేరేనాటికే కొత్తవి రావడం ఆగి ఆరేళ్లు. ఉన్న ముసలివాటిని నడిపించడం మా పని. ఆవిరి అంటే మాకు గోళ్లలో మసి, జేబులో నూనెగుడ్డ, ముక్కు చీదితే నలుపు. దాన్ని పిల్లలు డబ్బులిచ్చి చెవులకు పెట్టుకుంటారంటే చూడాలనిపించింది.

సంగతేందో మనవరాలే చదివి చెప్పింది. ఈ పేరు 1987లో ఒక అమెరికా రచయిత ఒక పత్రికకు ఉత్తరం రాస్తూ సగం వేళాకోళంగా పెట్టాడట. విక్టోరియా రాణి కాలం, 1837 నుంచి 1901 దాకా, అప్పటి ఆవిరి యంత్రాలే ఇంకా ముందుకు పోయి, ఇత్తడి, రాగి, తోలు, చెక్కతోనే లోకమంతా నడిచుంటే ఎట్లుండేది అన్న ఊహ ఇది. కథల్లో పుట్టి బట్టల్లోకి, బొమ్మల్లోకి, నగల్లోకి దిగింది. ప్యారిస్ మెట్రోలో ఒక స్టేషన్‌కు 1994లో గోడలూ పైకప్పూ రాగిరేకులు తొడిగి జలాంతర్గామి లోపలిలాగా చేశారు. ఫ్రాన్స్‌లోనే నాంట్ అనే ఊళ్లో 12 మీటర్ల ఎత్తు చెక్క ఏనుగు జనాన్ని ఎక్కించుకుని నడుస్తుంది. ఆ వీడియో నేను నాలుగుసార్లు చూశాను. మోకాలి కీలు చేసినవాడికి దండం పెట్టాలి. నడిపేది మాత్రం ఆవిరి కాదు, మోటారు. సరే.

విక్టోరియా కాలం మనకు పరాయిదేం కాదు. మన కాజీపేట మీదుగా బెజవాడ దాకా పట్టాలు పడింది 1889లో. కాబట్టి ఈ సరుకు మన ఊళ్లో దొరకడంలో నాకు వింతేమీ కనిపించలేదు. దొరికిన చోటే వింత.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో, ఫోటోలకు ఫ్రేములు కట్టేవాళ్ల పక్కన, పది మెట్లెక్కాలి. బోర్డు మీద 'వాచ్ రిపేరు' అని ఉండేది. 'రి' రాలిపోయి ఇప్పుడు 'వాచ్ పేరు' అయింది. షాపు పేరు మాత్రం ఎక్కడా లేదు. కిటికీ పక్కన పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటాడు. బ్యాటరీ వాచీలు వచ్చాక ఆయన పని సెల్లు మార్చుడు దాకా దిగింది, ఫోన్లు వచ్చాక అదీ పోయింది. బిడ్డ హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివి వచ్చి, తండ్రి నలభై ఏళ్లుగా పారేయకుండా దాచిన హార్లిక్స్ సీసాలు కిందికి దించింది. ఒక సీసాలో చక్రాలు, ఒకదానిలో ముళ్లు, ఒకదానిలో స్ప్రింగులు. ఇప్పుడు నగలు చేసేది ఆమె, చక్రం చక్రంతో కలిసిందా లేదా చూసేది ఆయన.

ఒక్క మాట ముందే. కౌంటరు మీద ట్రేలో 150 రూపాయల లాకెట్లు, కీచైన్లు ఉంటాయి. వాటిని ముట్టుకోకండి. అవి పోత పోసిన నాసిరకం చక్రాలు, బరువు లెక్కన పాకెట్లలో వస్తాయి. గోరుతో పన్ను అంచు తడిమి చూడండి. నిజమైన గడియారం చక్రానికి పన్ను కోసుగా తగులుతుంది, నడుమ ఇరుసుకు సన్నటి చిల్లు ఉంటుంది. పోత చక్రానికి పళ్లు సబ్బు అరిగినట్టు ఉంటాయి, పక్కన అచ్చు గీత కనిపిస్తుంది, గీకితే పసుపు పోయి బూడిద రంగు బయటపడుతుంది. నాలుగు చక్రాలు ఒకదాని మీద ఒకటి బంకతో అంటించి ఉన్నాయి. ఏదీ దేనితోనూ కలవదు. "ఇదెందుకు పెట్టినవ్ బిడ్డా?" అని అడిగాను. "అవి అమ్ముడుపోతేనే షాపు కిరాయి వెళ్తది అంకుల్" అంది. జవాబు బాగుంది, సరుకు బాగాలేదు.

అసలు సరుకు గాజు అల్మారాలో పై రెండు అరల్లో ఉంది. అందులో నన్ను ఆపేసింది ఒక లాకెట్, 2,400 రూపాయలు. పాత హెచ్ఎంటీ వాచీ. చెమ్మకు కేసు, డయలు పాడైపోతే లోపలి యంత్రాన్ని పెద్దాయన బాగుచేశాడు, అమ్మాయి దాన్ని వీపు ముందుకు తిప్పి రెండు వైపులా గాజు బిగించింది. కీ ఇస్తే బ్యాలెన్స్ వీల్ ఊపిరి తీసినట్టు అటూ ఇటూ ఊగుతుంది. గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు అయిదు. మధ్యమధ్య ఎర్రగా మెరిసేవి కెంపులు, మొత్తం 17. ఇరుసులు అరగకుండా వాటిని పెడతారు. కృత్రిమంగా చేసినవే, ఖరీదేం ఉండదు. 1902లో ఫ్రాన్స్‌లో వెర్నాయ్ అనే శాస్త్రవేత్త పొడిని మంటలో కరిగించి కెంపు పెంచే పద్ధతి బయటపెట్టాడు, అప్పటి నుంచి అవి చౌక. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా పెళ్లికి మామగారు పెట్టిన వాచీ డయలు మీద '17 జ్యువెల్స్' అని ఉందని నేను చదివి చెబితే, మా అమ్మ దాన్ని ఏడాది పాటు నగలతో కలిపి బీరువాలో పెట్టింది. నేను షెడ్డుకు ఉత్త చేతితో పోయేవాణ్ని.

మనవరాలికి భూతద్దం ఇచ్చి ఎస్కేప్ వీల్, అంటే కొక్కెం పట్టి వదిలే చక్రం, పళ్లు లెక్కపెట్టమన్నాను. పదిహేను. చుట్టుకున్న స్ప్రింగు విప్పుకోవాలని తొందరపడుతుంది, ఆ చిన్న కొక్కెం ఒక్కో పన్నునే వదులుతుంది, అందుకే గడియారం పరుగెత్తదు అని చెప్పాను. అది కంప్యూటర్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. కొక్కెం మీద వేలు చూపించి "ఇది వదలకపోతే మొత్తం ఆగిపోతదా?" అని అడిగింది. ఆగిపోతది అన్నాను. "భలే ఉంది, అంతా కనబడుతుంది" అంది. ఈ ఫ్యాషన్ గురించి నేను చదివిన దానిలో కన్నా ఆ ఒక్క మాటలో నాకు ఎక్కువ అర్థమైంది. దాని ఫోను విప్పితే కనబడేది ఒక ఆకుపచ్చ పలక, అంతే కదా.

నడిచే వాచీలను విప్పి నగలు చేస్తున్నారేమో అని అనుమానం వచ్చి అడిగాను. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూతపడ్డాక పాతవాటి కోసం వెతికేవాళ్లు ఎక్కువయ్యారు. "నడిచే హెచ్ఎంటీ విప్పితే నాన్న నన్ను ఇంట్లకు రానియ్యడు అంకుల్" అంది. పెద్దాయన కంటికి ఉన్న భూతద్దం తీయకుండానే తల ఊపాడు.

ఆమెతో నాకు పడనిది చిలుము దగ్గర. షెడ్డులో తనిఖీ ఉందంటే ముందు రోజంతా మాకు ఇత్తడి తోముడే పని. విజిలు, నూనె గిన్నెలు, గేజీ అంచులు అన్నీ ఇటుకపొడి, చింతపండు పెట్టి తోమేవాళ్లం. మచ్చ కనిపిస్తే ఫోర్‌మన్ అందరి ముందూ కడిగేసేవాడు. ఇక్కడ చూస్తే కొత్తగా తెచ్చిన రాగికి, వెండికి కావాలని చిలుము పట్టించి, దానికి 'పాటినా' అని పేరు పెట్టి, మూడు వందలు ఎక్కువ తీసుకుంటున్నారు. ఎట్లా చేస్తావు అంటే చూపించింది. రాగి, వెండి ముక్కలను మూత డబ్బాలో ఉడికిన కోడిగుడ్డుతో పాటు రెండు గంటలు ఉంచుతుంది. గుడ్డులో గంధకం ఉంటుంది కదా, లోహం నల్లబడుతుంది. తెలివైన పనే. కాని ఏ ఇంజన్ వాసనా గుడ్డు వాసనలా ఉండదు.

ఆమెను ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. వరంగల్‌లో ఏ బంగారు షాపుకు పోయినా 'యాంటిక్' నగలని ఒక అర ఉంటుంది. పోయిన నెల చేసిన హారానికి ఎరుపు, నలుపు పట్టించి అమ్మమ్మ పెట్టెలోంచి తీసినట్టు చేస్తారు. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం ఇట్లాంటి వస్తువు నూరేళ్లు దాటితేనే పురావస్తువు కింద లెక్క, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు పాత జేబు గడియారం పంపుదాం అనుకునేవాళ్లు వయసు అడిగి కొనండి. ఈ షాపులో అడిగితే నిజం చెబుతారు. నేను చూసిన జేబు గడియారాన్ని "యాభై, అరవై ఏళ్లది, యాంటిక్ కాదు అన్నా" అని పెద్దాయనే చెప్పాడు.

ఇంకో విషయంలో ఆయనకు పూర్తి మార్కులు. పాత అలారం గడియారాల ముళ్లు, చీకట్లో వెలిగే అంకెల డయళ్లు ఉన్న సీసాను ఆయన విడిగా, మూత బిగించి పెట్టాడు, బిడ్డను ముట్టనివ్వడు. మనం బండి నంబరు ప్లేటు స్టిక్కరును కూడా రేడియం అంటాం గాని, ఒకప్పటి డయళ్ల మీద పూసింది నిజమైన రేడియం. మెరుపు పోయినా రేడియం పోదు, అది సగం కావడానికే 1,600 ఏళ్లు పడుతుంది. ఆ రంగు పెచ్చులూడి లోపలికి పోతే ప్రమాదం. పాత డయలుతో చేసిన నగ ఎక్కడ కొన్నా ఈ ఒక్కటి అడగండి.

ఇప్పుడు కమ్మల కథ. మనవరాలు ఎంచుకున్నవి ఆడవాళ్ల చిన్న వాచీల పలకలతో చేసినవి, 850 రూపాయలు. రెండు రోజులకు చెవి తమ్మెలు ఎర్రబడి దురద. పలక ఇత్తడే గాని పైన నికెల్ పూత ఉంటుంది, కొందరికి అది పడదు. తీసుకెళితే మారుమాట లేకుండా వెండి కొక్కేలు వేసి, వెనక పలుచగా పూత పూసి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. కొనేటప్పుడే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

అంతటితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు. తిరగని చక్రం చెవికి ఎందుకు అని పట్టుబట్టి, రెండు చక్రాలు ఒకదానితో ఒకటి కలిసి తిరిగే కమ్మలు చేయించాను, 1,300. "జుట్టు చిక్కుకుంటది అంకుల్" అని ఆమె రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. చేసింది, నిజంగా తిరిగాయి, వేలితో ఒకటి తిప్పితే రెండోది ఎదురు తిరుగుతుంది. వాటిని పెట్టుకుని మనవరాలు కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లింది. తలంబ్రాల వేళకు చెవి పక్క వెంట్రుకలు చక్రాల మధ్య పడి చుట్టుకున్నాయి, కత్తెర తెచ్చి కోయాల్సి వచ్చింది. మా కోడలు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. చక్రాలకు గార్డు లేకుండా పని చేయించినందుకు షెడ్డులో అయితే నాకు మెమో చేతికొచ్చేది. తర్వాత అమ్మాయి వాటికి చిన్న గాజు బుడగ మూతలా వేసింది. ఇప్పుడు తిరగవు, కాని చూస్తే తిరిగేటట్టే ఉంటాయి. నేనేం మాట్లాడలేదు.

నా లెక్క తప్పించిన వస్తువు ఇంకొకటి. కరీంనగర్ వెండి తీగ పని మీకు తెలిసే ఉంటుంది, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నటి వెండి తీగలు మెలిపెట్టి, నొక్కి, పువ్వులూ ఆకులూ అల్లుతారు. అక్కడి పనివాళ్లతో అల్లించిన గుండ్రటి పతకంలో అమ్మాయి నడుమ ఒక ఎస్కేప్ వీల్ పొదిగింది. చక్రం పళ్లు ఎక్కడ ఆగాయో, తీగ పువ్వు ఎక్కడ మొదలైందో కన్ను చెప్పలేదు. అందులో ఏదీ తిరగదు. తిరగాలని నాకు తోచనూ లేదు. 3,800 పెట్టి మా ఇంటావిడకు కొన్నాను. చేతిలో తూచి చూసి "ఇది ఎన్ని తులాలు?" అంది.

పెంబర్తి అనే ఊరి రేకు పనితో చేసిన హంస కూడా బాగుంది. వేడిచేసిన ఇత్తడి రేకును లక్క మీద పరిచి వెనక నుంచి ఉలితో కొట్టి బొమ్మ లేపే పని అది. హంస మన వరంగల్ కోట కీర్తితోరణం మీదిదే. వెనక ఒక మీట నొక్కితే మెడ వంగి లేస్తుంది, లోపల గోడ గడియారం చక్రాలు ఉన్నాయి. 12,000 చెప్పింది. ఇల్లు పెద్దదైతే కొనండి.

కళ్లద్దాలు 2,200. ఏప్రిల్‌లో హన్మకొండలో తోలు కళ్లద్దాలు పెట్టుకునే మనిషిని చూడాలని ఉంది.

టేబుల్ లైటు గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. జీఐ పైపులతో చేసింది, ఇత్తడి నల్లా తిప్పితే బల్బు వెలుగుతుంది. ఆ ఆలోచనకు చప్పట్లు కొట్టాను. కాని ఒళ్లంతా లోహమైన లైటుకు రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు లేదు. లోపల ఎక్కడ వైరు ఒరుసుకున్నా నల్లా ముట్టుకున్న మనిషికి షాక్. 7,500 పెట్టే వస్తువుకు ఇరవై రూపాయల వైరు దగ్గర పిసినారితనమేంటి? అమ్మాయి నోట్ చేసుకుంది. మూడు పిన్నుల ప్లగ్గు కనిపించేదాకా ఆ లైటు కొనకండి.

మిగతా ఫిర్యాదులు చిన్నవే. ఆదివారం ఇస్తానన్న కమ్మలు మూడో ఆదివారం ఇచ్చింది. బిల్లు అడిగితే గడియారం కాగితం వెనక పెన్సిల్‌తో రాసిచ్చారు. నేను రైల్వే అని తెలిశాక పాత స్టీమ్ విజిలు ఒకటి సంపాదించి పెట్టమని ఆమె ఒకటే బతిమాలింది. "1966 చట్టం ఉంది బిడ్డా, రైల్వే సామాను ఇంట్ల దొరికితే నా పింఛను సంగతేంది?" అన్నాను. స్క్రాప్ వేలంలో కొనుక్కోమని దారి చెప్పాను. వస్తే తోమకుండా పెడతానంది. తోమితేనే దారి చెబుతా అన్నాను, అప్పటికే చెప్పేశానని తర్వాత గుర్తొచ్చింది.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. లైటు సరిచేస్తే నాలుగున్నర. పొద్దున పదకొండు తర్వాత వెళ్లండి, పెద్దాయన ఉన్నప్పుడే వెళ్లండి, ఆయన చక్రం చూపించి చెబుతుంటే గంట గడిచిపోతుంది. బండి గల్లీలో పెట్టడానికి జాగా లేదు, చౌరస్తా అవతలే ఆపుకోవాలి. గురువారం బంద్, ఆ సంగతి బోర్డు మీద లేదు. రెండు గురువారాలు పది మెట్లెక్కి తాళం చూసి దిగినవాణ్ని నేనే.